రాజకుమారి సినిమాల్లో చేతి గీత తిరిగి వచ్చినట్టా, రానట్టా?

నిద్రపోని_నాన్న
మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఈ సెలవుల్లో డిస్నీ రాజకుమారి సినిమాలన్నీ విడుదలైన వరుసలోనే చూడాలని పట్టుబట్టడంతో, 1937 నాటి ‘స్నో వైట్’తో మొదలుపెట్టి నిన్న రాత్రికి 2009 నాటి ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’ ముగించాం. ఈ రోజు కంప్యూటర్‌తో తీసిన 2010 నాటి ‘టాంగిల్డ్’ పెట్టిన పది నిమిషాలకే, “నాన్నా, బొమ్మలు గీసేవాళ్లు ఏమయ్యారు?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. 2004లో ‘హోమ్ ఆన్ ది రేంజ్’తో చేతి గీతలకు, అంటే చేత్తో బొమ్మలు గీయడానికి, స్వస్తి చెప్పారనీ, 2006లో కంప్యూటర్ బొమ్మల స్టూడియో పిక్సార్‌ను కొన్నాక కొత్త పెద్దలు వచ్చి మళ్లీ పెన్సిల్ పట్టించారనీ చదివాను. అంత ఆర్భాటంగా తిరిగి తెచ్చిన కళను ఒక్క రాజకుమారితో ఆపేయడం ఏమిటి? సినిమా అనుకున్నంత ఆడకపోతే ఆ నేరాన్ని పెన్సిల్ మీద మోపడం న్యాయమేనా? తెలిసినవారు వివరించగలరు.

వసూళ్ల_వాసు
నేరం అనడం పెద్ద మాట. ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’ నిర్మాణానికి సుమారు 10.5 కోట్ల డాలర్లు ఖర్చయితే, ప్రపంచమంతటా కలిపి సుమారు 26.7 కోట్లు వచ్చాయి. థియేటర్ల వాటా, ప్రచార ఖర్చు తీసేశాక చేతిలో మిగిలేది తక్కువే. మరుసటి ఏడాది వచ్చిన ‘టాంగిల్డ్’ 59 కోట్ల డాలర్లు రాబట్టింది. వ్యాపారి కళ్లతో చూస్తే నిర్ణయం అక్కడే జరిగిపోయింది.

పాతచందమామ
వాసు గారు ఒక అంకె చెప్పి ఇంకొకటి దాచారు. ‘టాంగిల్డ్’ నిర్మాణ వ్యయం సుమారు 26 కోట్ల డాలర్లు. పెట్టిన డాలరుకు వచ్చిన డాలర్లు లెక్క వేయండి. కప్ప సినిమాకు రెండున్నర, జుట్టు సినిమాకు రెండుంపావు. ఈ లెక్కన ఓడిపోయింది ఎవరు?

వసూళ్ల_వాసు
దాచలేదు, చెప్పడం మరిచాను. అయితే ఆ 26 కోట్లలో ఏళ్ల తరబడి గీసి, చెరిపి, మళ్లీ మొదలుపెట్టిన పాత ప్రయత్నాల ఖర్చు కూడా కలిసి ఉంది. పైగా స్టూడియోలు నిష్పత్తిని కాదు, మొత్తాన్ని చూస్తాయి. 2013లో ‘ఫ్రోజెన్’ 128 కోట్ల డాలర్లు తెచ్చాక నిష్పత్తి గురించి మాట్లాడే నాథుడే లేడు.

సందేహాల_రావు
నాకు వేరే సందేహం. కప్పను ముద్దు పెట్టుకుంటే కప్ప రాజకుమారుడు కావాలి గానీ, ఈ అమ్మాయి కూడా కప్ప అయిపోవడం ఏమి న్యాయం? రాజకుమారిని చూద్దామని కూర్చుంటే సగానికి పైగా సినిమాలో ఆకుపచ్చ కప్ప కనిపించింది. వసూళ్లు తగ్గడానికి పెన్సిల్ కంటే అదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

డల్లాస్_శారద
రావు గారు సరదాకు అన్నారు గానీ, ఇక్కడ అమెరికాలో ఆ విమర్శ గట్టిగానే వచ్చింది. డిస్నీ తొలి నల్లజాతి రాజకుమారి టియానా. ఆమె మనిషి రూపంలో కనిపించేదే కొద్దిసేపు కావడం చాలామందికి నచ్చలేదు. అయినా నేను ఆ సినిమాను 2009 డిసెంబరులో థియేటర్లో చూసినప్పుడు ముందు వరుసలో ఆకుపచ్చ గౌను వేసుకున్న చిన్నపిల్లలు తెర వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. డిసెంబరు 11న దేశమంతటా విడుదలైంది, 18న ‘అవతార్’ వచ్చింది. మరుసటి వారం మా ఆయన స్నేహితులంతా త్రీడీ కళ్లద్దాల కోసం బారులు తీరారు, కప్ప హాలు ఖాళీ అయింది. ఆ వారం ఏ గీత పెట్టినా నిలిచేది కాదేమో.

ఇంకొక మాట. టియానా పాత్రకు ప్రేరణ న్యూ ఆర్లీన్స్‌లో డూకీ చేజ్ హోటల్ నడిపిన లియా చేజ్. ఆవిడ వండిన గంబో అనే పులుసు సంగతి చెబితే దారి తప్పుతాను కాబట్టి ఆపుతున్నాను.

సందేహాల_రావు
ఆపకండి, ఆకలిగా ఉంది.

లైట్‌బాక్స్_లక్ష్మి
నేను హైదరాబాదులో ఒక స్టూడియోలో ఎనిమిదేళ్లు క్లీనప్, ఇన్-బిట్వీన్ పని చేశాను. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా యూరప్ దేశాల టీవీ ధారావాహికలు. రాజకుమారి సినిమా స్థాయి పని నా చేతికి రాలేదు. అయితే పని పద్ధతి అదే కనుక, పాప అడిగిన ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

పేరున్న యానిమేటర్ ముఖ్యమైన భంగిమలు గీస్తాడు. వాటి మధ్య కదలికను పూరించేవారు ఇన్-బిట్వీనర్లు. గరుకుగా ఉన్న ఆ గీతలన్నిటినీ ఒకే మందంలో, ఒకే పోలికలో తిరగగీసేవారు క్లీనప్ వాళ్లు. కింద నుంచి వెలుగు పడే గాజు బల్ల మీద పెగ్ బార్ అనే మేకుల పట్టీ ఉంటుంది. కాగితానికి అడుగున ఉన్న మూడు రంధ్రాలను దానికి తగిలించి, నాలుగైదు కాగితాలను వేళ్ల సందుల్లో ఇరికించుకుని ముందుకూ వెనక్కూ తిప్పుతూ గీస్తాం. సాయంత్రానికి వేళ్లు నొప్పెట్టడం సంగతి అటుంచితే, ఆ తిప్పడంలోనే బొమ్మ ఊపిరి తీసుకోవడం కళ్లకు కనిపిస్తుంది.

రాక్షసుణ్ని వెంట్రుకవాసి తేడాతో వేసినా రాక్షసుడిలాగే ఉంటాడు. రాజకుమారి కనురెప్ప వెంట్రుకవాసి పక్కకు జరిగితే తెర మీద వేరే అమ్మాయి ప్రత్యక్షమవుతుంది. అందుకే ఏ స్టూడియోలోనైనా హాస్య పాత్రల కోసం పోటీ పడేవారు గానీ, అందమైన కథానాయికను నెత్తిన వేసుకోవడానికి ముందుకు వచ్చేవారు తక్కువ. ఏరియల్, బెల్, జాస్మిన్, ములన్, టియానా, ఈ ఐదుగురి వెనుకా మార్క్ హెన్ చెయ్యి ఉందంటే ఆయన ఓపిక ఎంతటిదో ఊహించుకోండి.

నా బాధ వసూళ్ల గురించి కాదు. ఈ పనిలో ఎవరూ నేరుగా పెద్ద యానిమేటర్ కాలేరు. క్లీనప్‌లో కొన్నేళ్లు, ఇన్-బిట్వీన్‌లో కొన్నేళ్లు ఇతరుల గీతను అనుకరించాకే తన గీత పుడుతుంది. 2009 సినిమాకు పాతవాళ్లను వెనక్కు పిలవగలిగారు, ఎందుకంటే అప్పటికి ఐదేళ్లే గడిచాయి, చేతులు ఇంకా మరిచిపోలేదు. కింది మెట్లు తీసేశాక పై మెట్టు మీద ఉన్నవాళ్లు వయసు మీరి దిగిపోవడమే మిగులుతుంది. మా దగ్గరా అదే జరిగింది. ముందు కాగితం పోయి టాబ్లెట్ వచ్చింది, తర్వాత చేతులూ కాళ్లూ విడివిడిగా గీసి కీళ్ల దగ్గర అతికించి కదిలించే పద్ధతి వచ్చింది, ఆ తర్వాత మేము అవసరం లేకుండా పోయాం. ఇప్పుడు ఇంట్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను.

నిద్రపోని_నాన్న
లక్ష్మి గారి జవాబును పాపకు చదివి వినిపించాను. “అయితే ఒక్క సినిమాకు ఎన్ని కాగితాలు?” అని అడుగుతోంది.

సిజి_శ్రీను
సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచితే సెకనుకు 12 బొమ్మలు. కప్ప సినిమా నిడివి 97 నిమిషాలు, అంటే 5,820 సెకన్లు. 12తో హెచ్చిస్తే 69,840. అదీ తెర మీద ఒకే పాత్ర ఉందనుకుంటే.

లైట్‌బాక్స్_లక్ష్మి
లెక్క సరైనదే గానీ పని అంత సులువుగా ఉండదు. కెమెరా కదిలే చోట ప్రతి ఫ్రేముకూ ఒక బొమ్మ కావాలి, పాత్ర నిలబడి వింటున్న చోట ఒకే బొమ్మను కాసేపు ఆపవచ్చు. అదిగాక గరుకు బొమ్మ వేరు, శుభ్రం చేసిన బొమ్మ వేరు, నీడలూ నీటి చుక్కలూ వేరు. నృత్య సన్నివేశంలో ఇద్దరుంటే రెండింతలు. పాపకు “లక్షల్లో” అని చెప్పేయండి, తప్పు పోదు.

సిజి_శ్రీను
లక్ష్మి గారంటే గౌరవం ఉంది. కానీ ఈ చర్చలో కంప్యూటర్ మీద పని చేసేవాళ్లం మీట నొక్కి కూర్చుంటామన్న ధోరణి కనిపిస్తోంది, అది సరికాదు. ‘టాంగిల్డ్’లో రపుంజెల్ జుట్టు 70 అడుగులు. అది నేల మీద ఎలా జారాలి, భుజం మీద ఎలా వాలాలి అన్నదాని కోసమే ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ రాయవలసి వచ్చింది. ఏరియల్‌నూ ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో మృగాన్నీ గీసిన గ్లెన్ కీన్ ఈ సినిమాలో తెర మీద కనిపించే కంప్యూటర్ బొమ్మ పైనే పెన్నుతో గీసి, కనుబొమ ఇక్కడ ఇలా వంగాలి అని యువ యానిమేటర్లకు చూపించేవాడు. గీత పోలేదు, తెర వెనక్కు వెళ్లింది.

చేతి గీతలు అని మనం అనుకునేవి కూడా ఎప్పుడూ పూర్తిగా చేతివి కావు. 1989 నాటి ‘ది లిటిల్ మెర్మెయిడ్’ తర్వాత డిస్నీ సినిమాల్లో సెల్ అనే పారదర్శకమైన రేకు మీద చేత్తో రంగు వేయలేదు. 1990 నుంచి పిక్సార్‌తో కలిసి తయారు చేసిన కాప్స్ అనే వ్యవస్థతో కంప్యూటర్లోనే రంగులు నింపారు. 1991లో బెల్, మృగం నాట్యం చేసిన ఆ పెద్ద హాలు కంప్యూటర్ కట్టినదే. కప్ప సినిమాలో కాగితం మీద గీసి, స్కాన్ చేసి, టూన్ బూమ్ హార్మనీ అనే సాఫ్ట్‌వేర్‌లో రంగులు వేశారు.

పాతచందమామ
శ్రీను గారు చెప్పినదాంట్లో తప్పు లేదు. అయితే తెర వెనుక ఉన్న గీత ప్రేక్షకుడికి కనిపించదు, తేడా అక్కడే ఉంది. చిన్నప్పుడు చందమామలో రాజకుమారిని చూసి, ఇది చిత్రా గారి బొమ్మ, ఇది శంకర్ గారి బొమ్మ అని కింద సంతకం చూడకుండానే చెప్పేవాళ్లం. బాపు బొమ్మ సంగతి సరేసరి. ఎవరి గీతో పోల్చుకోవడంలో ఒక సుఖం ఉంది. ఇప్పటి రాజకుమార్తెలందరికీ ఒకటే గుండ్రటి ముఖం, ఒకటే కళ్లు.

పాత చరిత్ర ఒకటి గుర్తు చేస్తాను. 1959లో ‘స్లీపింగ్ బ్యూటీ’ని 70 ఎం.ఎం. తెరకు తీశారు. ఐవిండ్ ఎర్ల్ అనే చిత్రకారుడు వేసిన నేపథ్యాల్లో ప్రతి చెట్టూ మధ్యయుగపు చేతిరాత గ్రంథంలోంచి కోసి తెచ్చినట్టు ఉంటుంది. ఖర్చు సుమారు 60 లక్షల డాలర్లు, ఆ రోజుల్లో అది విపరీతం. తొలి విడుదలలో డబ్బు తిరిగి రాలేదు, స్టూడియోలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఆ తర్వాతి సినిమా, 1961 నాటి డాల్మేషన్ కుక్కల సినిమాలో, పెన్సిల్ గీతను జిరాక్స్ పద్ధతిలో నేరుగా సెల్ మీదికి ఎక్కించి, కలంతో తిరగగీసే మహిళల విభాగాన్ని బాగా తగ్గించేశారు. ఆ స్టూడియో మళ్లీ రాజకుమారి కథ ముట్టుకోవడానికి 1989 దాకా, ముప్పై ఏళ్లు పట్టింది. అంటే రాజకుమారి నష్టపోయిన ప్రతిసారీ శిక్ష పడింది గీసేవాళ్లకే.

తప్పులెన్నువాడు
సవరణ. 1985 నాటి ‘ది బ్లాక్ కాల్డ్రన్’లో ఐలాన్‌వీ అనే రాజకుమారి ఉంది. ముప్పై ఏళ్లు అనడం సరికాదు.

పాతచందమామ
ఆమెను రాజకుమార్తెల వరుసలో స్టూడియోయే చేర్చుకోలేదు, నన్ను నిందించడం దేనికి? ‘రాజకుమారి కథ’ అన్నదాన్ని ‘రాజకుమారి అద్భుత కథ’ అని సవరించుకుంటున్నాను.

వసూళ్ల_వాసు
పాతచందమామ గారి ముగింపు వాక్యంతో మాత్రం నాకు పేచీ లేదు. 2002లో ‘ట్రెజర్ ప్లానెట్’కు సుమారు 14 కోట్ల డాలర్లు పెట్టి దాదాపు 11 కోట్లు రాబట్టారు. అప్పుడు కథ బాగాలేదని అనలేదు, గీత పాతబడిందని అన్నారు. కప్ప సినిమాకూ పేరులోని ‘ప్రిన్సెస్’ మాట మగపిల్లలను దూరం చేసిందన్న అభిప్రాయం స్టూడియోలో బలపడింది. అందుకే ‘రపుంజెల్’ అనుకున్న సినిమా ‘టాంగిల్డ్’ అయింది. పేరు మార్చగలిగినవాళ్లు పద్ధతిని ఎందుకు ఉంచలేదంటే, ఆ సినిమా అప్పటికే కంప్యూటర్లో సగం దూరం వచ్చేసింది. 2011లో చేతి గీతలతోనే తీసిన ‘విన్నీ ది పూ’ను అమెరికాలో హ్యారీ పోటర్ చివరి సినిమాతో ఒకే రోజు విడుదల చేశారు. దానికి మాత్రం వ్యాపారినైన నేనే సమర్థన చెప్పలేను.

డల్లాస్_శారద
2013లో అప్పటి డిస్నీ సీఈఓ బాబ్ ఐగర్ వాటాదారుల సమావేశంలో, చేతి గీతల పూర్తి నిడివి సినిమా ఏదీ తమ దగ్గర తయారీలో లేదని చెప్పారు. ఆ వసంతంలోనే అనుభవజ్ఞులైన కొందరు యానిమేటర్లను పంపించేశారు. అదే ఏడాది చివర ‘ఫ్రోజెన్’ విడుదలైంది. ఇక ఎవరు అడుగుతారు?

తెల్లకాగితం
అందరూ ఒకే స్టూడియో చుట్టూ తిరుగుతున్నారు. చేతి గీతల రాజకుమారి ఆ 2013లోనే వచ్చింది, జపాన్ నుంచి. ఇసావో తకహాతా తీసిన ‘ది టేల్ ఆఫ్ ది ప్రిన్సెస్ కగుయా’ చూడండి. వెదురు కణుపులో దొరికిన పాప పట్నంలో రాజకుమారిగా పెరుగుతుంది. విందు రోజున అవమానం భరించలేక ఆమె భవనం నుంచి పరుగెత్తే సన్నివేశంలో తలుపులూ పట్టుబట్టలూ చెట్లూ అన్నీ బొగ్గు గీతలుగా చెదిరిపోతాయి. కాగితం తెలుపు మిగిలి ఉంటుంది. మన అలవాటు ప్రకారం క్లీనప్ అనేది గరుకును చెరిపేసే పని. ఇక్కడ ఆ గరుకుతనమే ఆమె కోపం. ఏ కంప్యూటర్ బొమ్మా నాకు అంతగా పరుగెత్తినట్టు కనిపించలేదు.

వసూళ్ల_వాసు
చూశాను, ఒప్పుకుంటాను. అయితే అది తీయడానికి దాదాపు ఎనిమిదేళ్లు, సుమారు 500 కోట్ల యెన్‌లు పట్టాయి. జపాన్‌లో అందులో సగం మాత్రమే తిరిగి వచ్చింది. ఆస్కార్ నామినేషన్‌తో జీతాలు ఇవ్వలేరు.

తెల్లకాగితం
ఇచ్చారు కదా, ఎనిమిదేళ్ల పాటు.

లైట్‌బాక్స్_లక్ష్మి
కగుయా పరుగు చూసి నేను ఏడ్చాను. సన్నివేశం చూసి కాదు, ఆ గీతను శుభ్రం చేయమని ఎవరూ అనలేదని.

సందేహాల_రావు
మన దేశం సంగతి ఎవరూ ఎత్తలేదు. యూగో సాకో, రామ్ మోహన్, కోయిచి ససాకి కలిసి తీసిన జపాన్–భారత రామాయణం 2025 జనవరి 24న థియేటర్లకు వచ్చింది, తెలుగు మాటలతో కూడా. 1992లో పూర్తయిన సినిమా. మిథిల రాజకుమారి సీతమ్మ వారు రాజకుమారి కింద లెక్కకు రారా? మా హాల్లో పదిహేను మందిమి ఉన్నాం, అందులో నలుగురు మా ఇంటివాళ్లే.

పాతచందమామ
తప్పకుండా వస్తారు. ముప్పై ఏళ్ల తర్వాత తెర మీద నిలబడి కూడా ఆ బొమ్మలు ముసలివి కాలేదు. 2000 ప్రాంతపు కంప్యూటర్ బొమ్మలను ఈ రోజు చూడగలరా? చర్మం ప్లాస్టిక్ బకెట్‌లా ఉంటుంది.

సిజి_శ్రీను
బకెట్ మాట నిజమే, అప్పుడు నేను బడిలో ఉన్నాను, నాకు సంబంధం లేదు.

అసలు ప్రశ్నకు వస్తే, రెండు దారులూ కలిసే చోట నాకు ఆశ ఉంది. 2012లో ‘పేపర్‌మ్యాన్’ అనే లఘుచిత్రంలో కంప్యూటర్ కదలిక మీద చేతితో వేసిన గీత అతుక్కుని నడిచేలా మియాండర్ అనే సాఫ్ట్‌వేర్ వాడారు, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. 2016లో ‘మోవానా’ కంప్యూటర్ సినిమాయే అయినా మౌయి ఒంటి మీద పచ్చబొట్లు కదులుతాయి చూడండి, వాటిని ఎరిక్ గోల్డ్‌బర్గ్ చేత్తో గీశాడు. కప్ప సినిమాలో టియానా తన హోటల్‌ను ఊహించుకునే పాట ఉంది కదా, చిత్రకారుడు ఆరన్ డగ్లస్ శైలిలో చదునైన రంగులతో సాగేది, దాన్ని నడిపించినవాడూ గోల్డ్‌బర్గే.

నిద్రపోని_నాన్న
ఆ పాట దగ్గర మా అమ్మాయి వెనక్కు తిప్పించి మూడుసార్లు చూసింది. అది వేరే మనిషి శైలి అని నాకు ఇప్పుడు అర్థమైంది.

తెల్లకాగితం
శ్రీను గారి ఆశ 2023లో పరీక్షకు నిలిచింది. ‘విష్’లో కంప్యూటర్ బొమ్మలకు నీటి రంగుల పూత పూశారు. కాగితపు గరుకు నేపథ్యంలో ఉంది, ముఖాలు మాత్రం అవే. కాఫీ వాసన వచ్చే కొవ్వొత్తి లాంటి వ్యవహారం.

సిజి_శ్రీను
దాని మీద నేను వాదించను.

వసూళ్ల_వాసు
వార్త ఒకటి చెప్పి నేను తప్పుకుంటాను. 2021లో డిస్నీ చేతి గీతల కోసమే శిక్షణార్థులను తీసుకుంటామని ప్రకటించింది. 2023లో నూరేళ్ల సందర్భంగా తీసిన ‘వన్స్ అపాన్ ఎ స్టూడియో’ లఘుచిత్రంలో పాత పాత్రల్లో చాలావాటిని మళ్లీ చేత్తోనే గీశారు, ఆ పనికి గోల్డ్‌బర్గే పెద్ద. పూర్తి నిడివి రాజకుమారి సినిమా మాత్రం ఇంకా లేదు.

లైట్‌బాక్స్_లక్ష్మి
ఈ చర్చలో నాకు ముఖ్యమైన మాట ఇదే. సినిమా ప్రకటన కంటే శిక్షణార్థుల ప్రకటన పెద్దది. కింది మెట్టు మళ్లీ వేస్తున్నారన్నమాట. అలా నేర్చుకున్నవాళ్లకు రాజకుమారిని అప్పగించడానికి పదేళ్లు పడుతుంది, ఈలోగా ఎవరూ వసూళ్లు అడగకుండా ఉంటే చాలు.

వసూళ్ల_వాసు
నేను అడగను, ఒట్టు.

నిద్రపోని_నాన్న
అందరికీ కృతజ్ఞతలు. ఒక చిన్న ఇబ్బంది. మా అమ్మాయి పాత నోటు పుస్తకం చించి కప్ప గెంతడం గీసింది. పన్నెండు కాగితాలు. తిప్పి చూస్తే కప్ప గెంతడం లేదు, గజగజ వణుకుతోంది. ఏమి చేయాలి?

లైట్‌బాక్స్_లక్ష్మి
కాగితాలు కదులుతున్నాయి, కప్ప తప్పు కాదు. ఇంట్లో ఫైలు కాగితాలకు రంధ్రాలు చేసే పంచ్ ఉంటే అన్నిటికీ ఒకే చోట రెండు రంధ్రాలు చేయించండి. అట్టముక్క మీద అదే దూరంలో రెండు పెన్సిల్ ముక్కలు నిలబెట్టి అతికించి, కాగితాలను వాటికి తగిలించి గీయమనండి. పగటిపూట కిటికీ అద్దమే లైట్ బాక్స్. మొదటి బొమ్మ, ఆఖరి బొమ్మ, గాలిలో అన్నిటికంటే పైన ఉన్న బొమ్మ, ఈ మూడూ ముందు గీసి తర్వాత మధ్యవి పూరించమనండి. పైకి లేచేటప్పుడు కప్ప ఒళ్లు సాగాలి, నేల తాకగానే అణగాలి.

నిద్రపోని_నాన్న
గెంతింది. అయితే ఇప్పుడు కప్పకు కిరీటం పెట్టాలట, పన్నెండు కాగితాల్లోనూ.

లైట్‌బాక్స్_లక్ష్మి
కిరీటం కప్ప కంటే ఒక బొమ్మ ఆలస్యంగా కదలాలని చెప్పండి.